ఒకే కుర్చీ, వేయి బొమ్మలు

అందరికీ నమస్కారం.

కుర్చీని చూసి కుర్చీ అనడంలో కష్టమేముంది అనిపిస్తుంది. కానీ అదే కుర్చీ దగ్గరుంటే కంటి వెనక తెర అయిన రెటీనా మీద పెద్దగా పడుతుంది, దూరంగా ఉంటే చిన్నగా. పక్కకు తిప్పితే రెండు కాళ్ళే కనిపిస్తాయి, నీడలో రంగు మారుతుంది. ఇన్ని బొమ్మలకూ మెదడు నుంచి జవాబు ఒక్కటే రావాలి. చిక్కంతా అక్కడే.

రెటీనాలో కాంతిని పట్టే కణాలు దాదాపు 10 కోట్లు. మెదడుకు వెళ్ళే దృష్టి నాడిలో పోగులు సుమారు 10 లక్షలే. కాబట్టి వడపోత కంట్లోనే మొదలవుతుంది: వెలుగూ చీకటీ కలిసే అంచులకే అక్కడ పెద్దపీట. మెదడు నడుమ ఉండే థాలమస్ అనే కూడలి మీదుగా సంకేతాలు తల వెనకభాగంలో, చూపుకు తొలి మెట్టయిన వీ1 ప్రాంతానికి చేరతాయి. పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో శాస్త్రవేత్తలు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ 1959లో చూపించింది ఈ ప్రాంతం గురించే. నిలువు గీతకు చురుగ్గా స్పందించే కణం అడ్డగీతకు దాదాపు ఉలకదు. 1981లో వారికి నోబెల్ వచ్చింది.

అక్కణ్ణుంచి వీ2, వీ4 అనే తర్వాతి ప్రాంతాలు దాటి, మెదడులో చెవి వైపు ఉండే టెంపోరల్ లోబ్ అడుగుభాగం దాకా మెట్టుమెట్టుకూ రెండు పనులు జరుగుతాయి. గీతలు కలిసి మూలలు, వంపులు, ఆకారాలవుతాయి. దాంతోపాటు, ఆకారం కాస్త అటూ ఇటూ జరిగినా జవాబు మారకుండా ఒక్కో కణం చూసే మేర పెరుగుతుంది. చూపు మధ్యభాగంలో వీ1 కణం చూసేది ఒక డిగ్రీ లోపే. చేయి చాచి చూస్తే చిటికెన వేలి గోరంత. టెంపోరల్ లోబ్‌లో అది 10 డిగ్రీలు కూడా దాటవచ్చు.

ఈ సడలింపుకు మూల్యం ఉంది. ఓరచూపులో ఒంటరి అక్షరాన్ని చదవగలం. దానికి అటొకటి, ఇటొకటి అక్షరం చేర్చండి, మధ్యది చిందరవందరవుతుంది. పొరుగు గీతలన్నీ ఒకే మేరలో కలిసిపోవడమే కారణమని ఎక్కువమంది వివరణ.

వేగం సంగతి: బొమ్మను 20 మిల్లీసెకన్లే చూపించినా, అందులో జంతువుందా లేదా అన్న తేడా 150 మిల్లీసెకన్లకల్లా మెదడు సంకేతాల్లో కనబడిందని 1996లో సైమన్ థోర్ప్ బృందం తేల్చింది. ఈ మెట్లు వెనక్కీ ముందుకూ పెద్దగా సంప్రదించుకునే వ్యవధి కాదది. సగం కప్పబడ్డ వస్తువులకు మాత్రం పై మెట్ల నుంచి తిరుగుసమాచారం అవసరమవుతుంది, ఆలస్యమూ అవుతుంది.

ఈ దారి దెబ్బతింటే వచ్చేది అగ్నోసియా, అంటే కన్ను చూస్తున్నా వస్తువేమిటో గుర్తుపట్టలేకపోవడం. 1890లోనే జర్మన్ వైద్యుడు లిస్సావర్ దీన్ని రెండుగా విడదీశాడు. మొదటి రకంలో ఆకారమే కుదరదు, బొమ్మకు నకలు కూడా గీయలేరు. రెండో రకంలో ఒక్కో గీతా చూసుకుంటూ తాళంచెవి బొమ్మను దించేస్తారు, గీసిందేమిటో మాత్రం చెప్పలేరు. ఇది చూపు మందగించడమనో, మతిమరుపనో పొరబడడం తేలిక. అందుకే చూపు పరీక్షతో ఆగకుండా అసలు తాళంచెవిని చేతిలో పెట్టి చూడాలి. తడమగానే పేరు చెబితే జ్ఞాపకం భద్రంగానే ఉంది, కంటి దారిలోనే ఎక్కడో తెగింది.