చేట చేసే పని మనసు చేస్తే: ‘వివేకం’ అనే మాట

[తెరపై: వెదురు చేట, అందులో దంచిన బియ్యం]

నమస్కారం. ఈ చేట మా అమ్మమ్మది. చూడండి, నాలుగుసార్లు చెరిగితే ఊక ముందు అంచు దాటి ఎగిరిపోతుంది, బియ్యం వెనక్కి చేరతాయి. ఇక మిగిలిన రాళ్లు, వడ్ల గింజలు వేలితో ఏరాల్సిందే.

సంస్కృతంలో ‘విచ్’ అనే ధాతువు, అంటే మాటలు పుట్టే మూలం, ఉంది. వేరుచేయడం, చెరగడం అని దాని అర్థం. దానికి ముందు ‘వి’ చేరితే పుట్టిన మాటే వివేకం.

అందుకే వివేకం అంటే తెలివి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మనసొప్పదు. తెలివి ఎంతైనా పోగేసుకోవచ్చు. వివేకానికి పని పడాలంటే మాత్రం కలిసిపోయిన రెండు ఎదురుగా ఉండాలి. అద్వైతంలో సాధకుడికి మొదట కావాల్సింది నిత్యానిత్య వస్తు వివేకం: ఉండేదేదో, పోయేదేదో విడదీసి చూడటం.

[తెరపై: ఫోన్‌లో మెసేజ్]

“బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు తీసేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి.” చదవగానే టెన్షన్. ఇందులో సమాచారం, భయం రెండూ కలిపేశారు. ఒక్క నిమిషం ఆగి విడదీయండి. బిల్లు మొన్ననే కట్టాం. రసీదు ఉంది. ఈ నంబరెవరిదో తెలీదు. ఇప్పుడు మీ మనసు చేసిన పని వివేచన. అది చేయగలిగిన శక్తి వివేకం. అది ఉన్నవాడు వివేకి, లేనివాడు అవివేకి.

దీని పక్కనే తిరిగే మాట విచక్షణ. ‘చక్ష్’ అంటే చూడటం, చక్షువు అంటే కన్ను. ఎదుటి పరిస్థితిని చూసి నడుచుకోవడం విచక్షణ. గవర్నరు విచక్షణాధికారం అన్నప్పుడు ఉన్నది ఈ మాటే. “విచక్షణారహితంగా కొట్టారు” అని పేపర్లో చదువుతాం కదా, ఎవరిని, ఎక్కడ అని కూడా చూడకుండా అని.

వివక్ష వేరు. చాలామంది దీన్ని విచక్షణతో కలిపేస్తారు, అది నాకు నిజంగా బాధ. దీని ధాతువు ‘వచ్’, పలకడం. చెప్పాలన్న కోరిక అని అసలు అర్థం, వ్యాకరణంలో ఇప్పటికీ అంతే. వాడుక తెలుగులో మాత్రం పక్షపాతంతో తేడా చూపడం అయింది: కుల వివక్ష, లింగ వివక్ష. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిని మాత్రమే చూసి ఏ పౌరుడిపైనా రాజ్యం వివక్ష చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది.

[తెరపై: రెండు కంచాలు]

జ్వరం వచ్చిన పిల్లాడికి జావ, ఆడుకొచ్చిన పిల్లకి అన్నం. ఇది విచక్షణ.

[కంచాలు మారతాయి]

కొడుకు కంచంలో గుడ్డు, కూతురి కంచంలో ఉత్త పప్పు. ఇది వివక్ష.

జ్వరం తగ్గిన రోజు మొదటి ఇంట్లో రెండు కంచాల్లోనూ అన్నమే ఉంటుంది.