వాన పడితే మబ్బు కిందికి దిగుతుందా?

[దృశ్యం: ముసురులో తిరుమల ఘాట్ రోడ్డు, బస్సు లైట్లు]

ముసురు పట్టిన రోజు అలిపిరిలో నిలబడి కొండ వైపు చూడండి. సగం కొండే కనిపిస్తుంది. పైనంతా మబ్బు. అదే సమయంలో తిరుమలలో ఉన్నవాళ్లను అడిగితే "ఇక్కడంతా పొగమంచు" అంటారు. రెండూ ఒకటే! తిరుమల సముద్రమట్టానికి సుమారు 980 మీటర్ల ఎత్తులో ఉంది. మబ్బు అడుగు అంతకన్నా కిందికొస్తే, పైనున్నవాళ్లు మబ్బులోనే నడుస్తున్నట్టు.

పొద్దున ఎక్కడో పైనున్న మబ్బు ఇంత కిందికి ఎలా వచ్చింది? నిజానికి అది రాలేదు. వానే దాని కింద ఇంకో మబ్బును తయారు చేసింది.

[బొమ్మ: పడుతూ పడుతూ చిన్నదయ్యే చినుకు]

చినుకు దారిలో కొంత ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. గాలి చల్లబడుతుంది, తేమా పెరుగుతుంది. ఇక తేమ పట్టదన్న స్థితికి వచ్చాక, ఆ గాలి కాస్త పైకి లేచినా చాలు, మబ్బు కట్టేస్తుంది. పెద్ద మబ్బు కింద చిరిగిన గుడ్డపేలికల్లా పరుగెత్తేవి చూశారా? అవే ఇవి.

[తెరపై లెక్క]

గాలిని ఎంతవరకు చల్లబరిస్తే మంచుబిందువులు కడతాయో అది డ్యూ పాయింట్. ఉష్ణోగ్రత దానికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే, డిగ్రీకి 125 మీటర్ల చొప్పున మబ్బు అడుగు ఎత్తు. ఇది ఉజ్జాయింపు లెక్కే. వానకు ముందు ఉష్ణోగ్రత 30, డ్యూ పాయింట్ 24 అనుకుందాం: 750 మీటర్లు. వాన పడి ఉష్ణోగ్రత 25కి దిగితే? 125 మీటర్లే!

ఇక చూపు సంగతి. 2 మిల్లీమీటర్ల చినుకును 0.2 మిల్లీమీటర్ల తుంపరగా విడగొడితే వెయ్యి బిందువులవుతాయి. నీళ్లు అంతే, కానీ చూపుకు అడ్డొచ్చే వైశాల్యం పది రెట్లు. పైగా తుంపర మెల్లగా దిగుతుంది. అందుకే ఓ మోస్తరు వాన కన్నా దట్టమైన ముసురులోనే దారి కనపడక టెన్షన్ ఎక్కువ.

[దృశ్యం: మంచు కురుస్తున్న శ్రీనగర్ విమానాశ్రయం]

మనం పొగమంచునీ మంచే అంటాం, శ్రీనగర్‌లో కురిసేదాన్నీ మంచే అంటాం. ఈ రెండోది చూపుకు ఇంకా పెద్ద శత్రువు. పెద్ద చినుకు సెకనుకు 6 మీటర్లకు పైగా దూసుకొస్తే, మంచు రేకు సుమారు 1 మీటరే దిగుతుంది. అంటే గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, రేకులా పరుచుకుని ఎక్కువ అడ్డుపడుతుంది. అమెరికాలో అయితే మంచు ఎంత జోరుగా పడుతోందన్నది చూపు దూరాన్ని బట్టే చెబుతారు: పావు మైలు, అంటే 400 మీటర్లు దాటి కనిపించకపోతే అది భారీ మంచు. అలాంటప్పుడు మబ్బు అడుగే కనపడదు. దాని ఎత్తుకు బదులు, నిలువుగా పైకి ఎంతవరకు కనిపిస్తోందో నమోదు చేస్తారు.

[బొమ్మ: రన్‌వే వైపు ఏటవాలుగా దిగే విమానం]

పైలట్‌కు చిక్కు ఇక్కడే. రన్‌వే మీదుగా వెళ్తూ నిటారుగా కిందికి చూస్తే పలచటి ముసురులోంచి లైట్లు కనిపిస్తాయి. దిగడానికి తిరిగొచ్చేసరికి మాయం. ఎందుకంటే 60 మీటర్ల ఎత్తు నుంచి 3 డిగ్రీల వాలులో దిగేటప్పుడు, ఆ ముసురు గుండా చూడాల్సిన దూరం 60 కాదు, 1,100 మీటర్లకు పైనే.