లిని సిస్టర్ రాసిన చీటీ

అందరికీ నమస్కారం. ఇవాళ దీపం పట్టుకుని ప్రమాణం చేసిన మా నర్సింగ్ పిల్లలకీ, వాళ్లను ఇంతదాకా తీసుకొచ్చి వెనక కుర్చీల్లో సర్దుకుని కూర్చున్న అమ్మానాన్నలకీ మరీ మరీ నమస్కారం.

నర్సుల దినోత్సవం అనగానే ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి మాట్లాడమంటారు. ఆవిడ 1820 మే 12న పుట్టిందని, క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకుని సైనికుల మధ్య తిరిగిందని మీరు పరీక్షల్లో రాసే ఉంటారు. నేను ఇవాళ కేరళ నర్సు ఒకామె గురించి మాట్లాడతాను. పేరు లిని పుతుస్సేరి. భర్త పేరు కలిపి లిని సజీష్ అని కూడా అంటారు. కోళిక్కోడ్ జిల్లా పేరాంబ్ర తాలూకా ఆస్పత్రిలో పనిచేసేది. 2018 మే 21న నిపా వైరస్‌తో చనిపోయింది. ఇద్దరు మగపిల్లలు. అప్పటికి పెద్దవాడికి ఐదేళ్లు, చిన్నవాడికి రెండేళ్లు.

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. కానీ ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానాల్లో నైట్ డ్యూటీలు చేసినదాన్ని కాబట్టి ఆమె ఆ రాత్రులు ఎలా గడిపిందో నాకు తెలుసు అనిపిస్తుంది.

మే నెల మొదట్లో పేరాంబ్ర ఆస్పత్రికి జ్వరంతో ఒక కుర్రాడు వచ్చాడు. మామూలు జ్వరం అనుకున్నారు. వార్డులో లిని అతన్ని చూసుకుంది. జ్వరం పేషంటును చూసుకోవడమంటే ఏమిటో మీకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఒళ్లు తుడవాలి, వాంతి చేసుకుంటే తల పట్టుకోవాలి, దగ్గుతుంటే వీపు నిమరాలి, దుప్పటి మార్చాలి, సెలైన్ అయిపోతే అర్ధరాత్రి లేచి బాటిల్ మార్చాలి. ఈ పనుల్లో ఏదీ దూరం నుంచి చేసేది కాదు. ఆ కుర్రాణ్ణి పెద్దాస్పత్రికి పంపారు. మే 5న అక్కడ చనిపోయాడు. తర్వాత అదే ఇంట్లో ఇంకొకరికి, మరొకరికి అవే లక్షణాలు వస్తే కోళిక్కోడ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి డాక్టర్లకు అనుమానం వచ్చింది. నమూనాలు మణిపాల్‌లోని వైరస్ ల్యాబ్‌కీ, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకీ వెళ్లాయి. అది నిపా అని తేలేసరికి లిని కోళిక్కోడ్ మెడికల్ కాలేజీలో పేషంటుగా పడుకుని ఉంది.

ఒక్క విషయం గమనించండి. నిపా ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి మామూలుగా నాలుగు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అంటే 2018లో ఇదే మే 12న, నర్సుల దినోత్సవం రోజున, ఆ వైరస్ అప్పటికే లిని ఒంట్లో ఉండే ఉంటుంది. ఆమెకు తెలీదు. ఎవరికీ తెలీదు.

ఆమె పోయాక అందరూ త్యాగమూర్తి అన్నారు. గౌరవంతోనే అన్నారు, వాళ్లను తప్పుపట్టను. కానీ నాకు ఆ మాట అనడానికి నోరు రాదు. త్యాగం అంటే తెలిసి ఇచ్చేది. ఆ కుర్రాడి పక్కన నిలబడిన రాత్రి ఆ జబ్బేమిటో ఇంకా తేలనే లేదు. తనకేమవుతుందో లినికి ఎవరూ చెప్పలేదు, చెప్పగలిగినవాళ్లూ లేరు. ఆమె తన డ్యూటీ తను చేసింది, అదీ బాగా చేసింది. తెల్లారాక పిల్లల దగ్గరికి వెళ్లాలనే అనుకుంది.

నిపా మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 1998, 1999లలో మలేషియాలో బయటపడింది. అక్కడి ఒక ఊరి పేరే దానికి పెట్టారు. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో వచ్చింది. అక్కడ జబ్బుపడినవాళ్లలో ఎక్కువమంది ఆస్పత్రి సిబ్బంది, రోగుల్ని చూడటానికి వచ్చినవాళ్లే. పండ్లు తినే పెద్ద గబ్బిలాల నుంచి ఈ వైరస్ మనిషికి చేరుతుంది. ఆ తర్వాత మనిషి నుంచి మనిషికి పాకడానికి దగ్గరగా ఉండి సేవ చేయడమే దానికి ముఖ్యమైన దారి. కేరళలో ఆ ఏడాది ప్రభుత్వం లెక్క ప్రకారం 17 మంది చనిపోయారు. అక్కడా సోకింది చాలావరకు ఆస్పత్రుల్లోనే. దీనికి టీకా లేదు, కచ్చితంగా తగ్గించే మందూ లేదు. మాస్కు, గ్లోవ్స్, గౌను, చేతులు కడుక్కోవడం, పేషంటును విడిగా ఉంచడం, ఇవే మనకున్న ఆయుధాలు.

నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో గ్లోవ్స్ లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. వార్డులో నలభై మంది ఉంటే రాత్రికి ఒక్క జత. దాన్ని స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వేసుకునేవాళ్లం. అడిగితే "ఇదివరకు ఇవి కూడా లేవమ్మా" అనేవారు స్టోర్ ఆయన. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు వచ్చిందే అంత. కానీ అమ్మలూ, మీరు అడగండి. గట్టిగా అడగండి. రాసి ఇచ్చి సంతకం తీసుకోండి. లిని పర్మనెంట్ నర్సు కూడా కాదు, తాత్కాలిక పద్ధతిలో పనిచేసేది. మన దగ్గరా కాంట్రాక్టులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సిస్టర్లు ఎంతమందో మీకు తెలుసు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వైరస్ ఎవరు పర్మనెంటో, ఎవరు కాంట్రాక్టో చూడదు.

ఇప్పుడు తల్లి సంగతి చెబుతాను. నా పిల్లలు చిన్నగా ఉన్న రోజుల్లో డ్యూటీ దిగి ఇంటికొస్తే మా అత్తగారు పెరట్లో కాగులో వేణ్ణీళ్లు పెట్టి ఉంచేవారు. ముందు స్నానం, ఆ తర్వాతే ఇంట్లోకి. నా బస్సు వచ్చే వేళకి మా చిన్నది గుమ్మంలో నిలబడేది. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చేది. నేను "ముట్టుకోకు, ముట్టుకోకు" అని వెనక్కి జరిగేదాన్ని. అది అక్కడే ఆగిపోయి, చేతులు అలాగే చాపి, నేను నీళ్లు పోసుకుని వచ్చేదాకా కదలకుండా నిలబడేది. ఆ చాపిన చేతులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. నర్సు తల్లి అయితే ఆ రెండు నిమిషాలు రోజూ ఉంటాయి. నాకు ఆ రెండు నిమిషాల తర్వాత పిల్ల ఒళ్లోకి వచ్చేది. లిని పిల్లలకు ఆ ఒడి మళ్లీ దొరకలేదు.

తన లక్షణాలు తనకే అనుమానం కలిగించి, నన్ను విడిగా ఉంచండి అని ఆమే అడిగిందని ఇంటివాళ్లు తర్వాత చెప్పారు. నర్సు బుర్ర ఆఖరిదాకా పనిచేసింది. భర్త సజీష్ బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసేవారు. కబురు తెలిసి ఆఘమేఘాల మీద వచ్చారు. ఐసీయూలో ఆమెను కాసేపే చూడగలిగారు. ఆ తర్వాత ఆమె పోయింది. వైరస్ పాకుతుందని శరీరాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు, కోళిక్కోడ్‌లోనే దహనం చేశారు. పిల్లలు ఆఖరి చూపు చూడలేదు.

అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఆరోగ్య సిబ్బంది విభాగం చూసిన జిమ్ క్యాంప్‌బెల్ ఆ తర్వాత కొద్దిరోజులకు ముగ్గురిని మరిచిపోవద్దని రాశారు. గాజాలో గాయపడినవాళ్లకు సాయం చేస్తూ కాల్పుల్లో చనిపోయిన రజాన్ అల్ నజ్జార్, లైబీరియాకు చెందిన సలోమీ కార్వా, మన లిని. సలోమీ కథ కూడా తల్లి కథే. ఎబోలా వచ్చి బతికింది, మళ్లీ ఎబోలా రోగులకే సేవ చేసింది. 2017లో కాన్పు తర్వాత ప్రాణం మీదికి వస్తే ఆస్పత్రిలో ఆమెను ముట్టుకోవడానికి భయపడ్డారని ఇంటివాళ్లు చెప్పారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మళ్లీ లిని దగ్గరికి వస్తాను. ఐసీయూలో పడుకుని భర్తకు ఒక చీటీ రాసింది. దాని ఫొటో దేశమంతా తిరిగింది. మా వార్డులో కోట్టయం నుంచి వచ్చిన సిస్టర్ ఒకామె ఉండేది. మన ఆస్పత్రుల్లో మలయాళీ సిస్టర్ లేని తరం లేదు కదా. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, హ్యాండోవర్ బుక్ పక్కన పెట్టి, ఫోన్లో ఆ ఫొటో పెద్దది చేసి మాకు చదివి వినిపించింది. సగంలో ఆమె గొంతు పూడుకుపోయింది. మళ్లీ మొదటినుంచి చదవమన్నాం.

"సజీషేట్టా" అని మొదలవుతుంది. ఏట్టా అంటే అన్నా అని అర్థం, అక్కడ భర్తను అలాగే పిలుస్తారు, మన వైపు బావా అన్నట్టు అని చెప్పింది. ఆ తర్వాత ఇంగ్లీషులో, దాదాపు దారిలో ఉన్నాను, అని ఒక ముక్క. మిమ్మల్ని చూడగలుగుతాననిపించడం లేదు, సారీ. మన పిల్లల్ని బాగా చూసుకోండి. పాపం బుజ్జిగాడు, వాణ్ణి ఒకసారి గల్ఫ్ తీసుకెళ్లాలి. మన నాన్నలాగా ఒంటరిగా ఉండిపోవద్దు, ప్లీజ్. చివర ప్రేమతో, ఒక ముద్దు. అంతే.

అందులో వృత్తి మాట లేదు, సేవ మాట లేదు. నైట్ డ్యూటీకి వెళ్తూ పాలు ఎక్కడున్నాయో, మందు ఎన్నిసార్లు పోయాలో గుమ్మంలో నిలబడి గబగబా చెప్పి వెళతామే, అలా రాసింది. పిల్లాడి ముచ్చట ఒకటి మిగిలిపోయిందని గుర్తుపెట్టుకుని రాసింది.

కేరళ ప్రభుత్వం పిల్లలిద్దరి పేరనా పదేసి లక్షలు వేసింది. 2019లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డును రాష్ట్రపతి చేతుల మీదుగా సజీష్ అందుకున్నారు. ఆయన గల్ఫ్ ఉద్యోగం వదిలేసి పిల్లల దగ్గరే ఉండిపోయారు. ఆరోగ్య శాఖలోనే, ఇంటికి దగ్గరగా, ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. 2022 ఆగస్టులో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా కోట్టయం సిస్టర్ నాకు ఫోన్ చేసింది. "అక్కా, లిని ఆఖరి మాట ఆయన విన్నారు" అంది.