పికప్ ట్రక్కు ఇంజిన్‌లో వింత చప్పుడు: మూలం కనిపెట్టే పద్ధతి

నమస్కారం. ఇంజిన్ నుంచి కొత్త చప్పుడు మొదలవగానే అది ఎలా ఉందో నోటితో అనుకరించి చూపడానికి చాలామంది తంటాలు పడతారు. నిజానికి అంతకంటే పనికొచ్చేది అది ఎప్పుడు వస్తోందన్న సంగతి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా, నిలకడగా తిరుగుతున్నప్పుడా, బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడా అన్నది గమనిస్తే, ఒక్క బోల్టు విప్పకుండానే అనుమానాన్ని రెండు మూడు భాగాలకు కుదించుకోవచ్చు.

బండిని ఆరుబయట చదునైన నేల మీద నిలిపి, న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. స్టార్ట్ చేసే ముందే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి, ఎందుకంటే ఆయిల్ తక్కువైనందుకే టకటకలాడే ఇంజిన్లు కూడా ఉంటాయి.

ముందు బెల్టు సంగతి చూద్దాం. కీచుమనే శబ్దం వస్తుంటే, చేతులు దూరంగా ఉంచి, తిరుగుతున్న బెల్టు మీద కొద్దిగా నీళ్లు చిలకరించండి. చప్పుడు కాసేపు ఆగితే పుల్లీల వరుస తప్పిందని, పెరిగితే బెల్టు బిగువు చాలక జారుతోందని అనుమానించాలి. గరగరమంటుంటే ఇంజిన్ ఆపి, బెల్టు తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. చప్పుడు మాయమైతే ఆ బెల్టు తిప్పే ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం), నీటి పంపు, ఐడ్లర్ (బెల్టును దారిలో ఉంచే పుల్లీ) బేరింగులలో ఒకటి దోషి. చాలా ఇంజిన్లలో నీటి పంపు ఆ బెల్టుతోనే తిరుగుతుంది కనుక నిమిషానికి మించి అలా నడపకూడదు.

అసలు చిక్కు టిక్‌టిక్ చప్పుడుతోనే. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే టాకోమీటర్ 600 చూపిస్తుంటే, ఒక వాల్వు లిఫ్టర్ (క్యామ్ కదలికను వాల్వుకు అందించే భాగం) చప్పుడు సెకనుకు 5 సార్లు వస్తుంది. అరిగిన రాడ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్ షాఫ్ట్‌కు కలిసే చోటి బేరింగ్) కొట్టుడు సాధారణంగా 10 సార్లు వినిపిస్తుంది. చెవితో లెక్కపెట్టడం కష్టం కాబట్టి ఫోన్‌లో రికార్డు చేసి, వేగం తగ్గించి వినండి. ఈ చిన్న ఉపాయం ఖరీదైన పరికరాలకంటే నాకు ఎక్కువ నచ్చుతుంది.

అయితే లిఫ్టర్ లాగే వినిపించేది మరొకటి ఉంది. బరువులు లాగే ట్రక్కులలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగను బయటకు చేర్చే గొట్టాల అమరిక) పదేపదే వేడెక్కి, చల్లారి, చివరి బోల్టులు విరిగిపోవడం మామూలే. ఆ సందులోంచి తోసుకొచ్చే పొగ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్‌మంటుంది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే తగ్గిపోతుంది. లిఫ్టర్‌ను స్టెతస్కోప్‌తోనో, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన వాల్వు కవరుకు ఆనించి పిడి దగ్గర చెవి పెట్టో పట్టుకోవచ్చు. పొగ లీకును మాత్రం ఒక చివర చెవి దగ్గర పెట్టుకున్న రబ్బరు గొట్టంతో, మ్యానిఫోల్డ్‌కు తాకకుండా దాని అంచు వెంబడి వెతకాలి. జాయింటు దగ్గర మసి చార కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే పెట్రోల్ ఇంజిన్ గలగలమంటే, తక్కువ ఆక్టేన్ (ముందే పేలిపోకుండా తట్టుకునే గుణం తక్కువైన) ఇంధనాన్నో, పేరుకున్న కార్బన్‌నో ముందు అనుమానించండి. డీజిల్‌కు కొంత కొట్టుడు సహజమే; కొత్తగా పదునెక్కితే ఇంజెక్టర్లను (ఇంధనాన్ని చిమ్మే భాగాలను) పరీక్షింపజేయాలి. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్ గొట్టాలలో పీడనం 1000 బార్‌లు దాటుతుంది కనుక వాటిని మీరు విప్పకండి.

వేడెక్కి ఆయిల్ పలచబడే కొద్దీ బరువైన టకటక పెరుగుతోందంటే రాడ్ బేరింగ్ వైపు చూడాలి. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంజిన్ ఆపి ఒక ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, కొద్దిసేపు నడిపి, ఆపి, దాన్ని తగిలించి తర్వాతిది తీస్తూ పోతే, ఏ సిలిండర్ దగ్గర చప్పుడు తగ్గిందో తెలుస్తుంది. ఆటోమేటిక్ బండిలో అదే చప్పుడు గేర్‌బాక్స్ కలిసే చోట గట్టిగా వినిపిస్తే, ఇంజిన్ దించే ముందు ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కలిపే పలుచని ఉక్కు పళ్లెం) పగిలిందేమో చూడండి. ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతుంటే వెంటనే ఇంజిన్ ఆపి, బండిని వర్క్‌షాపుకు లాగించుకుని వెళ్లండి. అక్కడ ఆయిల్ ఫిల్టర్‌ను కోయించి మడతలు విప్పి చూడండి. అందులో మెరిసే రజను ఉంటే బేరింగులు విప్పక తప్పదు.