సరిపోయే పైపు, సరైన పైపు

అన్న: అందరికీ నమస్తే. చీమకుర్తిలో మా హైడ్రాలిక్ పైపుల షాపు నుంచి మాట్లాడుతన్నా. వెనకాల వినపడే మోత క్రింపింగ్ మిషనుది, పైపు చివర ఫిట్టింగు నొక్కి బిగించేది. ఆపరా అంటే, రామతీర్థం క్వారీకి పోవాల్సిన పైపంట, ఈ ఒక్కటి అయిపోనీ అంటన్నాడు మా కుర్రోడు. సరే, మోతలోనే మొదలుపెడదాం. ఇవాళ నా పక్కన కూర్చుంది మా తమ్ముడు. సెలవు మీద వచ్చాడు. విమానాలకి మెకానిక్కు. మెకానిక్కు అంటే వాడికి కోపం.

తమ్ముడు: కోపమేం లేదన్నయ్యా. ఏఎమ్ఈ అంటారు, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరు. మన దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉంటది. అమ్మ మాత్రం ఇప్పటికీ ‘మావాడు విమానాలు కడుగుతాడు’ అనే చెబుతది ఊళ్ళో.

అన్న: మొదట్లో కడిగావు కదరా.

తమ్ముడు: కడిగా. ట్రైనింగులో అందరం కడిగినోళ్ళమే. కడిగితేనే కదా కొత్త తడి యాడ వచ్చిందో తెలిసేది.

అన్న: ఆ మాట నిజం. నేనూ బండి కడిగించనిదే లీకు చూడను. సరే, సూటిగా అడుగుతా. నీ విమానంలో హైడ్రాలిక్ ప్రెషరు, అదే, భాగాల్ని కదిలించే ఆయిలు ప్రెషరు, ఎంత?

తమ్ముడు: ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివాటిలో 3,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళం మీద 3,000 పౌండ్లు.

అన్న: అంతేనా! మా 20 టన్నుల పొక్లెయిన్‌లో 350 బార్ దాకా పోద్ది. అంటే 5,000 పీఎస్ఐ.

తమ్ముడు: నవ్వుకో. ఏ380లో, 787లో 5,000 పెట్టారు. ప్రెషరు పెంచితే పైపులు సన్నగా వేసుకోవచ్చు, బరువు తగ్గుద్ది.

అన్న: అంటే వాళ్ళు ఇప్పటికి చీమకుర్తి స్థాయికి వచ్చారన్నమాట. (నవ్వు) మరి ఆ ప్రెషరుతో ఏం చేస్తారు? మాకంటే బూమ్ లేపాలి, బకెట్ తిప్పాలి, గెలాక్సీ గ్రానైట్ బ్లాకు పక్కకు జరపాలి.

తమ్ముడు: చక్రాలు లోపలికి లాగటం, బయటకి దించటం, బ్రేకులు, రెక్కల వెనక ఫ్లాపులు, తోక మీద రడ్డరు. అంటే విమానాన్ని తిప్పేదీ ఆపేదీ అదే. అందుకే ఒక్క లైను మీద ఆధారపడరు. ఏ320లో మూడు వేరు వేరు సిస్టమ్‌లు. ఆకుపచ్చ, నీలం, పసుపు అని పేర్లు. దేని ట్యాంకు దానిదే, దేని పైపులు దానివే. ఒకటి ఖాళీ అయినా మిగతావి నడుస్తయ్.

అన్న: మూడూ పోతే?

తమ్ముడు: పోయినయ్. 1989 జులై 19, అమెరికాలో యునైటెడ్ 232. డీసీ-10 విమానం. తోకలో ఉండే ఇంజను ఫ్యాన్ డిస్కు పగిలి ముక్కలు ఎగిరినయ్. మూడు సిస్టమ్‌ల పైపులూ ఆ తోకలో దగ్గర దగ్గరగానే పోతన్నాయి. మూడూ కారిపోయినయ్. మిగిలిన రెండు ఇంజన్ల పవరు పెంచుతా తగ్గిస్తా, దాంతోనే తిప్పుకుంటా సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ తర్వాత డీసీ-10ల్లో లైను తెగితే ఆయిలు మొత్తం పోకుండా ఆపే వాల్వు పెట్టాలని ఆర్డరు వేశారు. ఆ డిస్కులో పగులు అంతకుముందు తనిఖీ చేసినప్పుడే ఉంది. తనిఖీ చేసినోళ్ళకి దొరకలేదు.

అన్న: ఉంది కానీ దొరకలేదు. అదే భయం. మీ తనిఖీ ఎట్టా ఉంటదో చెప్పు. నేను చూసిన విమానమల్లా 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్సు వాళ్ళు ట్రయల్ చేసినప్పుడే. జనమంతా ఫొటోలు తీస్తంటే నేను దాని పొట్ట కింద పైపులు కనపడతాయేమోనని చూస్తన్నా.

తమ్ముడు: (నవ్వు) నువ్వు పెళ్ళికి పోయినా జేసీబీ కిందకి తొంగి చూస్తావు. మాది ఎక్కువ రాత్రి పని. విమానం ఆఖరి ట్రిప్పు దిగాక వీల్ వెల్‌లోకి దూరతాం, చక్రాలు మడుచుకుని కూర్చునే గది అది. టార్చి ఉంటది, చేతికి వాచీ ఉంటది. ఒక యాక్చువేటర్, అంటే ఆయిలు ప్రెషరుతో భాగాన్ని కదిలించేది, దాని రాడ్డు దగ్గర తడి కనపడింది అనుకో. తుడుస్తాం. సిస్టమ్‌కి ప్రెషరు పెట్టిస్తాం. అప్పుడు నిలబడి చుక్కలు లెక్కపెడతాం.

అన్న: చుక్కలా?

తమ్ముడు: నిమిషానికి ఎన్ని చుక్కలు. మాన్యువల్‌లో ప్రతి భాగానికీ ఒక లెక్క రాసుంటది. ఇన్ని దాకా పర్లేదు, ఇన్ని దాటితే కొద్ది రోజుల్లో మార్చాలి, ఇంకా దాటితే విమానం కదలకూడదు. కదిలే సీలు కాస్త తడిగా ఉండటం తప్పు కాదు. కదలని జాయింటు తడిగా ఉంటేనే అనుమానం. ‘కొంచెమేలే’ అనే మాట మా దగ్గర చెల్లదు. కొంచెం అంటే ఎన్ని చుక్కలు?

అన్న: మా దగ్గర కింద చారెడు నేల తడిస్తే గానీ లీకు అనరు. ఇంకోటి చెప్పు, లీకు యాడుందో వెతకటానికి చెయ్యి పెడతారా?

తమ్ముడు: అస్సలు పెట్టం. అట్ట ముక్క గానీ చెక్క గానీ పెడతాం. నీకు తెలుసు కదా ఎందుకో.

అన్న: తెలుసు. వినేవాళ్ళ కోసం చెబుతా. మా షాపులో ఒక కుర్రోడు, పైపుకి సన్న బెజ్జం పడితే వేలు పెట్టి చూశాడు. చీమ కుట్టినట్టుందన్నా అన్నాడు, అంతే. రక్తం కూడా సరిగా రాలా. సాయంత్రానికి వేలు వంకాయలాగా వాచింది. ఆయిలు చర్మంలోకి దూరింది లోపలికి. ఒంగోలు తీసుకుపోతే ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. చిన్న గాయంగా కనపడద్ది గానీ ఆగకుండా ఆసుపత్రికి పోవాల్సిన గాయం అది. క్వారీల్లో పనిచేసే వాళ్ళు ఎవరైనా వింటంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

తమ్ముడు: ఆ కుర్రోడేనా ఇప్పుడు క్రింపింగ్ చేసేది?

అన్న: వాడే. ఇప్పుడు అట్ట ముక్క జేబులో పెట్టుకు తిరుగుతాడు. సరే, తనిఖీ అయింది, భాగం మార్చాలి అన్నారు. మార్చటం ఎట్టా? నా దగ్గర చూడు, ఓ-రింగులు, లీకు ఆపే రబ్బరు రింగులు, ఆ మేకులకి దండలు కట్టి వేలాడదీశా. సైజు చూస్తా, తీస్తా, వేస్తా.

తమ్ముడు: ఆ దండ చూస్తే మా స్టోర్సు ఇన్‌చార్జికి గుండె ఆగిపోద్ది. ఎండ పడతంది దాని మీద. మాకు అర్ధణా అంత ఓ-రింగు అయినా విడిగా కవరులో వస్తది. కవరు మీద పార్టు నంబరు, బ్యాచ్ నంబరు, రబ్బరు తయారైన కాలం, ‘3క్యూ24’ అని, అంటే 2024లో మూడో త్రైమాసికం. కవరు ముందే చినిగి ఉందనుకో, లోపల రింగు కొత్తగా మెరుస్తన్నా వాడం.

అన్న: మెరుస్తన్నా?

తమ్ముడు: రబ్బరు మొహం చూసి ఏం చెబుతావు? ఇది విను. విమానంలో మీలాగా మినరల్ ఆయిలు ఉండదు. స్కైడ్రాల్ అని, ఊదా రంగులో ఉంటది, ఫాస్ఫేట్ ఎస్టర్. తొందరగా నిప్పు అంటుకోదు, అందుకే వాడతారు. చేతికి తగిలితే మంట, కంట్లో పడితే నరకమే. దాంట్లో నీ దండలో ఉన్న నైట్రైల్ రబ్బరు రింగు వేశావనుకో, ఉబ్బి మెత్తబడి సర్వనాశనం అవుద్ది. దానికి ఈపీడీఎమ్ రబ్బరు కావాలి. ఆ ఈపీడీఎమ్ రింగు తెచ్చి నీ పొక్లెయిన్‌లో వెయ్యి, అదీ ఉబ్బుద్ది. రెండూ నల్లగానే ఉంటయ్. సైజూ ఒకటే. గాడిలో రెండూ చక్కగా కూర్చుంటయ్.

అన్న: అంటే కవరు మీద రాత తప్ప తేడా చెప్పేది ఏదీ లేదు.

తమ్ముడు: లేదు. అందుకే కాగితానికి అంత విలువ. పంపు గానీ వాల్వు గానీ వస్తే దానికో విడుదల సర్టిఫికెట్ ఉండాలి. యూరప్ నుంచి వస్తే అక్కడి విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ ఫారం 1, అమెరికాది అయితే 8130-3 అనే ఫారం, మన డీజీసీఏది సీఏ ఫారం 1. ఎవరు తయారుచేశారు, రిపేరు చేసిందైతే ఏ మాన్యువల్ ప్రకారం చేశారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ ఉంటయ్. కాగితం లేని పంపు కోటి రూపాయలదైనా మాకు ఇనప ముక్కే. ఆయుష్షు తీరిన భాగాల్ని మళ్ళీ ఎవడూ తుడిచి అమ్మకుండా కోసేసి, బెజ్జాలు వేసి మరీ పారేస్తారు.

అన్న: మా దగ్గర పాత సామాన్లోళ్ళ కొట్లో తీరిన ఆయుష్షుకి రంగు వేసి కొత్త ఆయుష్షు పోస్తారు.

తమ్ముడు: విమానాల్లోనూ ఆ రకం వాళ్ళు ఉన్నారు. 2023లో లండన్‌లో ఒక కంపెనీ దొంగ కాగితాలతో ఇంజను భాగాలు అమ్మిందని బయటపడింది. ఎన్నో దేశాల ఎయిర్‌లైన్లు ఏ ఇంజన్లో ఏం వేశామో వెతుక్కోవాల్సి వచ్చింది. వెతకగలిగారు, ఎందుకంటే ఎవరు ఏది యాడ వేశారో రాసుంది.

అన్న: ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతా. ఇంతవరకు నీకు కూడా చెప్పలా. ఆరేళ్ళ కిందట ఎండాకాలం, రాత్రి తొమ్మిదింటికి ఒక ఓనరు పాత పైపు భుజాన వేసుకుని వచ్చాడు. బూమ్ పైపు, ఇంచిది. తెల్లారి ట్రెయిలర్లు వస్తయ్, బండి ఆగితే కుదరదన్నాడు. నా దగ్గర ఫోర్ స్పైరల్, అంటే లోపల నాలుగు పొరల తీగ చుట్టిన గట్టి పైపు, అయిపోయింది. టూ వైర్ ఉంది, రెండు పొరల తీగదే. ఫిట్టింగులు సరిపోయినయ్, పొడవు సరిపోయింది. వేసి పంపించా.

తమ్ముడు: ఇంచి టూ వైర్ అంటే...

అన్న: 165 బార్. దాని ఒంటి మీదే అచ్చేసి ఉంది. బండి 350 బార్. చదవటం రాక కాదు. చదివే వేశా.

తమ్ముడు: ఎన్నాళ్ళు ఆగింది?

అన్న: అదే దరిద్రం, మూడు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడే పగిలుంటే బుద్ధొచ్చేది. మూడు వారాలు పోయాక బ్లాకు లాగుతుండగా పగిలింది. బూమ్ కూలింది. కింద ఎవరూ లేరు, అన్నాలకి పోయారు. ఆ ఓనరు మళ్ళీ నా దగ్గరకే వచ్చాడు, ‘పైపు క్వాలిటీ బాలేదన్నా’ అన్నాడు. నేను అవునన్నా. పైపు మీదకి నెట్టేశా.

(కాసేపు మాట లేదు)

తమ్ముడు: అన్నయ్యా, అచ్చం ఇట్టాంటిదే ఒకటి జరిగింది. 2001 ఆగస్టు 24, ఎయిర్ ట్రాన్సాట్ 236. ఏ330, టొరంటో నుంచి లిస్బన్. కొద్ది రోజుల ముందు కుడి ఇంజను మార్చారు. స్పేరు ఇంజను కాస్త పాత రకం, దాని మీద హైడ్రాలిక్ పంపు లేదు. దింపిన ఇంజను పంపు తీసి దీనికి పెట్టారు. ఆ పంపు కొత్త రకం. కొత్త పంపుకి కొత్త రకం ఫ్యూయల్ పైపు, దాంతోపాటు కొత్త రకం హైడ్రాలిక్ పైపు ఉండాలి. ఫ్యూయల్ పైపు మార్చారు. హైడ్రాలిక్ పైపు పాతదే ఉంచారు.

అన్న: బిగిసిందా?

తమ్ముడు: బిగిసింది. రెండు పైపులూ ఆనుకుంటంటే, పక్కకి పట్టుకుని సందు ఉండేట్టు బిగించారు. ప్రెషరు రాగానే పైపు నిటారుగా అవ్వాలని చూస్తది కదా.

అన్న: చూస్తది. ఎగిరి తంతది.

తమ్ముడు: అది పోయి ఫ్యూయల్ పైపుకి రాసుకుంది. రాసుకుని రాసుకుని అట్లాంటిక్ మీద ఫ్యూయల్ పైపు పగిలింది. లీకు అని తెలియక, బాగున్న వైపు ట్యాంకు నుంచి కూడా అటు వదిలారు. రెండు ఇంజన్లూ ఆగిపోయినయ్. 306 మందితో దాదాపు 19 నిమిషాలు ఇంజన్లు లేకుండా జారుకుంటా వచ్చి అజోర్స్ దీవుల్లో లాజెస్‌లో దించారు. అందరూ బతికారు. ఇంజను మార్చేటప్పుడు తేడా ఉందని వాళ్ళకి తెలిసింది. దాని గురించి సర్వీసు బులెటిన్, అంటే తయారీ కంపెనీ పంపే సూచన, ఉందనీ తెలుసు. కంప్యూటర్లో తెరవబోతే తెరుచుకోలా. టైము లేదు.

అన్న: తెల్లారి ట్రెయిలర్లు వస్తయ్.

తమ్ముడు: అంతే. భాగం కోసం విమానం ఆగితే ఏఓజీ అంటారు మా దగ్గర, ఎయిర్‌క్రాఫ్ట్ ఆన్ గ్రౌండ్. ఆ మూడక్షరాలు ఈమెయిల్ పైన కనపడితే ఫోన్లు మోగుతానే ఉంటయ్. అందుకే డీజీసీఏ రూల్సులో పని ఒకచోట, బాధ్యత ఒకచోట కలిపేయకుండా విడగొట్టారు. సీఏఆర్ 145 రిపేరు చేసే సంస్థకి. సీఏఆర్-ఎమ్ విమానం నడిపే ఎయిర్‌లైన్ చూసుకోవాల్సినవి. సీఏఆర్ 66 మా లైసెన్సులకి. ఫ్లైట్ కంట్రోల్స్ లాంటి కీలకమైన పనయితే చేసినవాడు కాకుండా ఇంకో అధికారమున్న మనిషి వచ్చి విడిగా చూడాలి. నేను బిగించి, నేనే బాగుంది అనుకుంటే చాలదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది గానీ, వీల్ వెల్‌లో నా పని మారలా.

అన్న: కంపెనీ బులెటిన్ ఇస్తే చెయ్యాల్సిందేనా?

తమ్ముడు: ఉత్త బులెటిన్ అయితే చాలాసార్లు సలహా. ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్, అంటే డీజీసీఏ లాంటి సంస్థ వేసే ఆర్డరు, వస్తే మాత్రం చెప్పిన గడువులోపల చెయ్యకపోతే ఎగరటానికి లేదు. ఓనరు ఎవరైనా సరే.

(బయట బైకు ఆగిన శబ్దం)

గొంతు: అన్నా, ఉన్నావా? బూమ్ పైపు పోయిందన్నా.

అన్న: రికార్డింగులో ఉన్నాం... రా, రా. పాత పైపు తెచ్చావా?

గొంతు: తెచ్చా. టూ వైర్ ఉన్నా వేసెయ్యన్నా, లోడింగు ఆగిపోయింది, మా ఓనరు చంపేస్తాడు.

తమ్ముడు: ఏఓజీ.

అన్న: నువ్వు నోర్మూసుకోరా. ఆ పైపు ఇటు తిప్పు. ఆయిలు తుడువు... అచ్చు కనపడిందా? చదువు.

గొంతు: ఫోర్ ఎస్ హెచ్... 380 బార్ అని ఉంది.

అన్న: ఫోర్ స్పైరల్. ఆ సైజు ఇప్పుడు లేదు నా దగ్గర. ఒంగోలుకి ఫోన్ చేస్తా, నాలుగింటి బస్సులో వేస్తారు. అయిదుకల్లా బిగించి ఇస్తా.

గొంతు: అయిదా! అవతల కొట్లో అయితే పావుగంటలో ఇస్తారన్నా.

అన్న: ఇస్తారు. పో, తెచ్చుకో. (ఆగి) ఏయ్, ఆగు. మీ ఓనరు నంబరు చెప్పు, నేను మాట్లాడతా. తమ్ముడూ, ఆ బటన్ నొక్కు, ఆపెయ్.