రిస్పా ఒక్క మాటా మాట్లాడలేదు

తమ్ముడు: అందరికీ నమస్కారం. మాతృదినోత్సవం వస్తే మన ప్రసంగాలన్నీ సమూయేలు తల్లి హన్నా, మోషే తల్లి యోకెబెదు చుట్టూనే తిరుగుతాయి. ఈ రోజు అక్క రిస్పాను ఎంచుకుంది. ఎందుకక్కా?

అక్క: ఆమె కథ ప్రసంగానికి లొంగదు కాబట్టి. బైబిల్లో 2 సమూయేలు 21వ అధ్యాయం చదివాక ‘ఆమేన్’ అనడానికి నోరు రాదు.

తమ్ముడు: ముందు ఆమె ఎవరో చెప్పు.

అక్క: ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు ఉపపత్ని. సౌలు పోయాక, అదే పుస్తకం 3వ అధ్యాయంలో ఆమె పేరు వస్తుంది. సేనాధిపతి అబ్నేరు ఆమెను కూడాడని సౌలు కొడుకు ఇష్బోషెతు నిలదీస్తాడు, అబ్నేరు మండిపడి, సింహాసనానికి పోటీగా ఉన్న దావీదు పక్షానికి వెళ్తాడు. రాజ్యమే చేతులు మారేంత గొడవ. ఆమెను మాత్రం ‘ఏం జరిగిందమ్మా’ అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తమ్ముడు: తర్వాత కరువు.

అక్క: దావీదు రాజయ్యాక మూడేళ్ల కరువు. గిబియోనీయులు ఇశ్రాయేలీయుల మధ్య బతికిన వేరే జాతి. వాళ్లను చంపమని యెహోషువ కాలంలో ఇచ్చిన ప్రమాణాన్ని తప్పి సౌలు వాళ్లను చంపించాడు, అదే కారణమని దేవుడు చెప్పాడు. ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. కారణం దేవుణ్ని అడిగిన దావీదు, పరిహారం మాత్రం గిబియోనీయులను అడిగాడు. వాళ్లు సౌలు వంశంలో ఏడుగురిని కోరారు, ఇచ్చేశాడు. ఇద్దరు రిస్పా కొడుకులు, అర్మోని, మెఫీబోషెతు. మిగతా ఐదుగురు సౌలు కూతురి బిడ్డలు.

తమ్ముడు: మెఫీబోషెతు అంటే దావీదు బల్ల దగ్గర భోజనం చేసిన కుంటివాడు కదా?

అక్క: అతను వేరు, సౌలు కొడుకు యోనాతానుకు పుట్టినవాడు. దావీదు, యోనాతాను చేసుకున్న ప్రమాణం అతన్ని కాపాడింది. అదే పేరున్న రిస్పా కొడుకును కాపాడే ప్రమాణం ఏదీ లేదు.

తమ్ముడు: మోషే ధర్మశాస్త్రం దీన్ని ఒప్పుతుందా?

అక్క: తండ్రుల పాపానికి కొడుకులను చంపకూడదని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. వేలాడదీసిన శవాన్ని అదే రోజు పాతిపెట్టాలని 21లో ఉంది. ఇక్కడ రెండూ గాలికి పోయాయి. యవల కోత మొదట్లో, అంటే ఇంచుమించు ఏప్రిల్‌లో, కొండ మీద వేలాడదీసి వదిలేశారు. అప్పుడు ఆమె గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుంది. పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను దగ్గరికి రానివ్వలేదు. వాన పడేదాకా అంతే. ఆ దేశంలో వానలు మామూలుగా అక్టోబరులో మొదలవుతాయి. అకాల వర్షం పడిందని కొందరు అంటారు, కావచ్చు. ఐదుగురు ఆమె కన్న బిడ్డలు కూడా కాదు, వాళ్లకూ కాపలా కాసింది.

తమ్ముడు: ఆ వాసనలో, ఆ గద్దల మధ్య ఎప్పుడు నిద్రపోయిందో!

అక్క: ఏడ్చిందని కూడా రాయలేదు.

తమ్ముడు: ప్రార్థన చేసిందనీ లేదు.

అక్క: నాకైతే ఆ గోనెపట్టే ప్రార్థన. రాజు విస్మరించిన ధర్మశాస్త్రాన్ని ఆమె బండ మీద కూర్చుని గుర్తుచేసింది. కబురు అందాకే దావీదు కదిలాడు. యాబేష్గిలాదు నుంచి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించి, ఈ ఏడుగురి ఎముకలూ ఏరించాడు. సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టారు. 14వ వచనం చూడు. ఇదంతా అయ్యాకే దేశం కోసం చేసిన మనవి దేవుడు ఆలకించాడని ఉంది.

తమ్ముడు: వాన 10వ వచనంలోనే పడింది కదా?

అక్క: మంచి పట్టు పట్టావు. పడింది. అయినా దేవుడు ఆలకించాడన్న మాటను రచయిత ఆ వాన దగ్గర రాయలేదు, ఏడుగురి చావు దగ్గరా రాయలేదు. ఆ చావులతో దేవుడు శాంతించాడని బోధించేవాళ్లు ఈ వరుసను దాటేసి చదువుతున్నారు. ఇందులో నాకు సందేహం లేదు.

తమ్ముడు: వచ్చే వారం ప్రవక్త్రి హుల్దా.

అక్క: ఆవిడ రిస్పాకు పూర్తిగా తిరగేసిన మనిషి, మాటే ఆవిడ బలం. యోషీయా రాజు పంపిన బృందంలో యాజకుడు హిల్కీయా కూడా ఉన్నాడు. దేవుని పేరు చెప్పి ఆవిడ వాళ్లతో అన్న మొదటి మాట, ‘మిమ్మల్ని నా దగ్గరికి పంపినవానితో చెప్పండి’ అని. అక్కడ రాజు అని కూడా అనదు!