బయటి చెక్కకు ఏ పూత వేయాలి?

[తెర మీద: వీధి తలుపు అడుగు అంచు, బాగా దగ్గరగా]

బయటి తలుపు ముందు ఎక్కడ పాడవుతుందో తెలుసా? ఇదిగో, ఈ అడుగు అంచున. వంగి చూస్తే తప్ప కనపడదు కాబట్టి చాలా ఇళ్లలో ఇక్కడ బ్రష్షే పడదు.

తలుపు నిలువు పట్టీల కొనలు చూడండి. చెక్క లోపలంతా సన్నటి గొట్టాలే. అడ్డంగా కోసిన చోట వాటి నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. పక్కల కంటే ఈ కొనల నుంచి నీళ్లు ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. తేమ 20 శాతం లోపు ఉంటే చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రం పెరగలేదు. అది దాటి చెక్క అలా తడిగానే ఉండిపోతే మాత్రం మెత్తబడి చివికిపోతుంది.

[తెర మీద: నెరిసిపోయిన పాత పలక, వేలితో రుద్దితే లేచే నార]

ఇక ఎండ. చెక్క నారను పట్టి ఉంచేది లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి, వాన కడిగేస్తుంది. మిగిలేది ఈ బూడిద రంగు పొర. దీని మీద ఎంత ఖరీదైన పూత వేసినా నిలవదు. పొరకే పట్టు లేదు కదా!

అందుకే ఎండ పడే చోట మెరిసే క్లియర్ వార్నిష్ వద్దంటాను. వేసిన రోజు అద్భుతంగా ఉంటుంది, నిజమే. కానీ రంగు లేని పూతలోంచి ఎండ చాలావరకు లోపలికి దిగుతుంది. అడుగున చెక్క పట్టు వదిలేస్తుంది, పైపొర పగులుతుంది, పగుళ్లలోంచి దూరిన నీరు బయటికి రాలేక పెచ్చులు లేపుతుంది. అప్పుడు మొత్తం గీకాల్సిందే.

చెక్కలోకి ఇంకే, కాస్త రంగున్న ఉడ్ స్టెయిన్ మేలు. అందులోని రంగు రేణువులే ఎండను ఆపుతాయి. చెక్క గీతలూ కనపడతాయి. ఇది పెచ్చులు లేవదు, మెల్లగా వెలిసిపోతుంది.

[తెర మీద: పలక మీద నీటి చుక్కలు]

ముందు పాత వార్నిష్, బూడిద పొర పూర్తిగా పోవాలి. 80 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 120 దగ్గర ఆపండి. ఇంకా నున్నగా చేస్తే చెక్క స్టెయిన్‌ను సరిగా పీల్చదు. దుమ్ము తుడిచి నాలుగు నీటి చుక్కలు వేయండి. ఇంకిపోతే సిద్ధం, ముత్యాల్లా నిలబడితే పాత పూత ఇంకా ఉందన్నమాట. తేమ మీటరు ఉంటే 15 శాతం లోపు చూపించాలి. టేకు లాంటి నూనె ఉన్న చెక్కను థిన్నర్ గుడ్డతో ఓసారి తుడవండి.

నేరుగా ఎండ పడుతున్నప్పుడు వేయకండి. డబ్బా అడుగున రంగు పేరుకుంటుంది, పని మధ్యలో కూడా కలుపుతూ ఉండాలి. గీతలు ఎటు పోతే అటే బ్రష్ లాగండి. మధ్యలో ఆపితే అతుకు కనపడుతుంది కాబట్టి ఒక పలక ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేసారి పూర్తి చేయాలి. నూనె స్టెయిన్ అయితే డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, ఇంకని దాన్ని గుడ్డతో తుడిచేయండి. వదిలేస్తే జిగురుగా ఉండిపోతుంది.

మొదట చూసిన ఆ అడ్డంగా కోసిన కొనలకు మాత్రం పీల్చడం ఆగే వరకు మళ్లీ మళ్లీ పట్టించండి. వీలైతే తలుపును బందుల నుంచి ఊడదీసి పడుకోబెట్టండి, అడుగు అంచు చక్కగా అందుతుంది.

[తెర మీద: ఆరుబయట పరిచిన గుడ్డలు]

ఈ మాట దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. నూనె స్టెయిన్‌లలో ఉండే అవిసె నూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న ఇనప డబ్బాలో వేసి మూత పెట్టండి.

నిలువు గోడ చెక్క కంటే మెట్లు, రెయిలింగ్ పైభాగం ముందు వెలిసిపోతాయి. ఏటా ఓసారి చూసుకుని, నీళ్లు ఇంకుతున్న చోట మాత్రం కడిగి, బాగా ఆరనిచ్చి ఒక కోటు వేస్తే చాలు.